ఫ్లో సైటోమెట్రీలో ఫ్లోరోసెంట్ ప్రొటీన్ కాంజుగేట్లు: విశాఖ ల్యాబుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పంపి, వాటి వెలుగును కొలిచే యంత్రం) మీద పనిచేసే టెక్నీషియన్లు, పీజీ విద్యార్థులు, రీసెర్చ్ స్కాలర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. మాన్యువల్‌లో తేలిగ్గా దొరికేవాటికి జవాబు క్లుప్తంగా ఉంటుంది. బెంచి దగ్గర పని ఆగిపోయే చోట్ల వివరంగా చెప్పాం.

ఫ్లోరోసెంట్ ప్రొటీన్ కాంజుగేట్ అంటే ఏమిటి?

ఒక యాంటీబాడీకి, వెలుగునిచ్చే ఒక ప్రొటీన్‌ని రసాయన బంధంతో అతికిస్తే వచ్చేది కాంజుగేట్. యాంటీబాడీ కణం మీద సీడీ4 లాంటి గుర్తును వెతికి పట్టుకుంటుంది. అతికించిన ప్రొటీన్ మీద లేజర్ పడగానే అది తన రంగులో వెలుగుతుంది. డిటెక్టర్ లెక్కపెట్టేది ఆ వెలుగునే.

ఈ పనికి ఎక్కువగా వాడే ప్రొటీన్లు మూడు. ఫైకోఎరిత్రిన్‌ని అందరూ పీఈ అంటారు, ఇది సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వస్తుంది. అల్లోఫైకోసయనిన్, అంటే ఏపీసీ, నీలి ఆకుపచ్చ నాచు నుంచీ ఎర్ర నాచు నుంచీ వస్తుంది. పర్‌సీపీని డైనోఫ్లాజెల్లేట్ల నుంచి తీస్తారు. ఇవన్నీ నీటిలో సూర్యకాంతిని పట్టుకోవడానికి ప్రకృతి తయారుచేసుకున్న ప్రొటీన్లు. తెన్నేటి పార్కు కింద ఆటు సమయంలో బయటపడే రాళ్ల మీద ఎర్రటి నాచు కనిపిస్తుంది కదా, పీఈ తీసే జాతులు కూడా ఆ వర్గానివే. వీటిని కణాల గుర్తింపుకు వాడవచ్చని ఓయ్, గ్లేజర్, స్ట్రైయర్ 1982లో చూపించారు.

కాంజుగేట్లలో తరచుగా వాడే మరో రంగు ఫిట్‌సీ ప్రొటీన్ కాదు. అది 389 డాల్టన్ల చిన్న రసాయనం. పీఈ బరువు దాదాపు 2,40,000 డాల్టన్లు, ఏపీసీ 1,05,000 దాకా, పర్‌సీపీ 35,000 దాకా. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది. పీఈ వెలుగు దాని ప్రొటీన్ మడతలో ఉంటుంది. మడత విప్పుకుంటే వెలుగు పోతుంది.

జీఎఫ్‌పీ కూడా ఇలాంటిదేనా?

కాదు. జీఎఫ్‌పీ అంటే ఆకుపచ్చగా వెలిగే ఒక ప్రొటీన్. దాని జన్యువును కణంలోకి ప్రవేశపెడితే కణమే ఆ ప్రొటీన్‌ని తయారుచేసుకుంటుంది. కాంజుగేట్‌ని మనం బయటి నుంచి కలుపుతాం. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: జీఎఫ్‌పీ ఉన్న కణాలకు ఫిట్‌సీ కాంజుగేట్ వాడకండి, రెండూ ఒకే డిటెక్టర్‌లో పడతాయి. పీఈ, ఏపీసీ తీసుకోండి.

పీఈకి అంత వెలుగు ఎలా వస్తుంది?

ఒక్క పీఈ అణువులో కాంతిని పీల్చే బిలిన్ గుంపులు ముప్పైకి పైగా ఉంటాయి. అందుకే దాని మోలార్ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియంట్ (కాంతిని పీల్చే సామర్థ్యపు కొలత) దాదాపు 19.6 లక్షలు. పీల్చిన కాంతిలో 80 శాతానికి పైగా తిరిగి వెలుగుగా ఇచ్చేస్తుంది. 496, 546, 565 నానోమీటర్ల దగ్గర పీల్చుకుని 578 దగ్గర వెలుగుతుంది. 488 లేజర్‌తో బాగానే పనిచేస్తుంది, 561 లేజర్ ఉంటే ఇంకా మెరుగు.

మా మెషీన్‌లో 488 లేజర్ ఒక్కటే ఉంది. ఎన్ని రంగులు చూడవచ్చు?

హాయిగా నాలుగు చూడవచ్చు: ఫిట్‌సీ, పీఈ, పర్‌సీపీ-సై5.5, పీఈ-సై7. చివరి రెండూ ప్రొటీన్‌కి మరో చిన్న రంగును అతికించిన టాండెమ్‌లు, వాటి వివరం కింద ఉంది. ఫిల్టర్లు సాధారణంగా 530/30, 585/42, 695/40, 780/60 ఉంటాయి (మధ్య తరంగదైర్ఘ్యం/వెడల్పు, నానోమీటర్లలో). ఏపీసీకి 633 లేదా 640 నానోమీటర్ల ఎర్ర లేజర్ తప్పనిసరి, 488తో అది వెలగదు. ఏపీసీ యాంటీబాడీ కొనేశాక ఈ సంగతి తెలిసిన ల్యాబులు ఉన్నాయి. ఆర్డర్ పెట్టే ముందు మెషీన్ కాన్ఫిగరేషన్ షీట్ పక్కన పెట్టుకోండి.

ఎర్ర లేజర్ ఉన్నచోట పీఈ-సై5నీ ఏపీసీనీ ఒకే ప్యానెల్‌లో (ఒక నమూనాకు కలిపి వాడే రంగుల సెట్‌లో) పెట్టకండి. సై5 ఎర్ర లేజర్‌కి నేరుగా స్పందించి ఏపీసీ డిటెక్టర్‌ని నింపేస్తుంది. మామూలు పర్‌సీపీ ఎక్కువ పవరున్న లేజర్ కింద త్వరగా వాడిపోతుంది, అలాంటి మెషీన్లలో పర్‌సీపీ-సై5.5 మేలు.

ఏ గుర్తుకు ఏ రంగు ఇవ్వాలి?

కణం మీద తక్కువగా ఉండే గుర్తుకు ఎక్కువ వెలుగున్న రంగు ఇవ్వాలి. సీడీ25 లాంటివాటికి పీఈ ఇవ్వండి. సీడీ45 తెల్లకణాల మీద విరివిగా ఉంటుంది కాబట్టి దానికి పర్‌సీపీ చాలు, లుకేమియా ప్యానెళ్లలో సీడీ45-పర్‌సీపీ అందుకే స్థిరపడింది. సీడీ45కి పీఈ వాడితే ఆ వెలుగు పక్క డిటెక్టర్లలోకి పొంగి, అక్కడ చూడాల్సిన బలహీనమైన గుర్తులను కప్పేస్తుంది.

రక్తం నమూనాకి స్టెయినింగ్ వరుస చెప్పగలరా?

ఈడీటీఏ రక్తం 100 మైక్రోలీటర్లు 12×75 ట్యూబు అడుగుకి వేయండి. గోడకు రక్తం అంటకూడదు. అంటిన చుక్కకు యాంటీబాడీ తగలదు, అందులోని తెల్లకణాలన్నీ నెగెటివ్‌గా కనిపిస్తాయి. అంటితే పొడి కాటన్ బడ్‌తో తుడిచేయండి.

టైట్రేషన్‌లో (సరైన మోతాదు తేల్చే పరీక్ష, కింద వివరించాం) తేలిన మోతాదులో యాంటీబాడీలు కలిపి మెల్లగా వోర్టెక్స్ చేయండి. చీకట్లో, గది ఉష్ణోగ్రతలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గది లెక్కలోకి రాదు.

తర్వాత ఎర్రకణాలను పగలగొట్టే 1ఎక్స్ అమ్మోనియం క్లోరైడ్ లైసిస్ ద్రావణం 2 మిల్లీలీటర్లు పోసి 10 నిమిషాలు ఉంచండి. ద్రావణం ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయకూడదు, చల్లగా ఉంటే ఎర్రకణాలు సరిగా పగలవు. పని పూర్తయిందో లేదో కంటితోనే తెలుస్తుంది. మొదట మసగ్గా, అవతల ఏమీ కనపడకుండా ఉన్న ట్యూబు క్రమంగా పారదర్శకంగా ఎర్రబడుతుంది. ట్యూబు వెనక అచ్చుకాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవగలిగిన వెంటనే తదుపరి మెట్టుకు వెళ్లండి. 15 నిమిషాలు దాటితే తెల్లకణాలు కూడా దెబ్బతినడం మొదలవుతుంది.

సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. జీ (గురుత్వానికి ఎన్ని రెట్ల బలం) వేరు, ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వేరు. రోటర్ వ్యాసార్థం 16 సెంటీమీటర్లైతే 300 జీ అంటే సుమారు 1,300 ఆర్‌పీఎం. పైద్రవం వంచేసి, 1 శాతం బీఎస్ఏ (ఒక ప్రొటీన్), 0.1 శాతం సోడియం అజైడ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపేది) ఉన్న పీబీఎస్ (ఉప్పు బఫర్) 2 మిల్లీలీటర్లతో ఒక వాష్ ఇవ్వండి. చివరికి 300 నుంచి 500 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపి మెషీన్‌కి ఇవ్వండి. వెంటనే నడపలేకపోతే 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో, చీకట్లో, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా నడిపేయండి. టాండెమ్ రంగులుంటే అంతసేపు కూడా ఆగకండి.

నమూనా పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో వస్తోంది. ఎలా తేవాలి?

ఇమ్యునోఫినోటైపింగ్ (కణాల మీది గుర్తులు చూసే పరీక్ష) రక్తాన్ని ఐస్ మీద పెట్టకండి, ఎండలోనూ ఉంచకండి. థర్మోకోల్ పెట్టెలో గది ఉష్ణోగ్రతలో ఉంచిన జెల్ ప్యాక్ పెట్టి, దాని మీద కాగితం చుట్టి ట్యూబుల్ని నిలబెట్టండి. ఈడీటీఏ రక్తాన్ని 24 గంటల్లోపు స్టెయిన్ చేయడం ఉత్తమం, 48 దాటనివ్వకండి. బోన్ మారో అయితే 24 గంటలే గట్టి హద్దు. పాడేరు ఘాట్ రోడ్డు కుదుపుల్లో ట్యూబులు పడుకుని దొర్లితే రక్తకణాలు పగులుతాయి. అందుకని ర్యాక్‌లో నిటారుగా, కదలకుండా బిగించాలి. ట్యూబు మీద రక్తం తీసిన సమయం రాయించండి. సమయం లేని నమూనాలో డెడ్ సెల్స్ ఎక్కువగా కనిపిస్తే కారణం చెప్పడం ఎవరి వల్లా కాదు.

యాంటీబాడీ ఎంత వేయాలి? సీసా మీద 5 మైక్రోలీటర్లని ఉంది.

అది కంపెనీ తన పరిస్థితుల్లో తేల్చిన మోతాదు. చాలాసార్లు మీకు అంతకన్నా తక్కువ సరిపోతుంది. అందుకే ప్రతి కొత్త లాట్‌కీ టైట్రేషన్ చేయాలని గట్టిగా చెబుతున్నాం. మోతాదు ఎక్కువైతే డబ్బు వృథా అవడమే కాదు, నెగెటివ్ కణాలకు కూడా యాంటీబాడీ అంటుకుని ఫలితం మసకబారుతుంది.

ఎనిమిది ట్యూబులు తీసుకోండి. మొదటిదానిలో కంపెనీ మోతాదుకు రెట్టింపు, తర్వాత ప్రతిదానిలో సగం చొప్పున తగ్గించుకుంటూ పోండి. ప్రతి ట్యూబులో కణాలు 10 లక్షలు, మొత్తం ద్రవం 100 మైక్రోలీటర్లు, సమయం, ఉష్ణోగ్రత అన్నీ ఒకటే ఉండాలి. ప్రతిదానికీ స్టెయిన్ ఇండెక్స్ లెక్కకట్టండి: పాజిటివ్ మీడియన్‌లోంచి నెగెటివ్ మీడియన్ తీసేసి, నెగెటివ్ స్టాండర్డ్ డీవియేషన్‌కి రెట్టింపుతో భాగించాలి. ఆ విలువ ఎక్కడ గరిష్ఠమో అదే మీ మోతాదు. ఆ తర్వాత ద్రవం పరిమాణం మార్చకండి. కణాల సంఖ్య కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, 100కి బదులు 200 మైక్రోలీటర్లలో స్టెయిన్ చేస్తే యాంటీబాడీ గాఢత సగమైపోతుంది.

ఎలా భద్రపరచాలి? కరెంటు పోతే?

2 నుంచి 8 డిగ్రీల్లో, చీకట్లో. ఫ్రీజర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. గడ్డకట్టి కరిగిన పీఈ, ఏపీసీ మడత చెడి ముద్దకడతాయి. మంచి పీఈ సీసాని ట్యూబ్‌లైట్ కింద వంచి చూస్తే గులాబీ రంగు ద్రవం అంచున నారింజ మెరుపు ఉంటుంది. ఆ మెరుపు తగ్గి, అడుగున రేణువులు తేలుతుంటే ఆ సీసా మీద నమ్మకం పెట్టుకోకండి.

గడ్డకట్టడం ఫ్రీజర్‌లోనే జరగాలని లేదు. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించిన సీసా కూడా గడ్డకడుతుంది. తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. మధ్య అరలో, మూత ఉన్న పెట్టెలో, పక్కన థర్మామీటర్ పెట్టి ఉంచండి.

మన ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ. సీసా బయటికి తీయగానే పైన నీటిచెమట పడుతుంది, మూత తీసేటప్పుడు అది లోపలికి జారుతుంది, లేబుల్ మీద రాసింది చెరిగిపోతుంది. టిష్యూతో తుడిచి తెరవండి. లాట్ నంబరూ తెరిచిన తేదీ చెరగని మార్కర్‌తో రాసి పైన సెల్లోటేప్ అంటించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి ప్రతి ల్యాబుకీ ఒక ప్రణాళిక ఉండి తీరాలి. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ అరలను చల్లని నీళ్ల సీసాలతో నింపండి, ఫ్రిజ్ తలుపు తెరవకండి. జెల్ ప్యాక్‌లున్న పెట్టెలోకి మార్చాల్సి వస్తే, ప్యాక్‌కీ సీసాకీ మధ్య గుడ్డ గానీ కార్డ్‌బోర్డ్ గానీ తప్పక ఉండాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన జెల్ ప్యాక్ సీసాని కూడా గడ్డకట్టిస్తుంది. పీఈ, ఏపీసీ కొన్ని గంటల వేడిని తట్టుకుంటాయి. కాపాడాల్సిన వరుసలో టాండెమ్‌లు ముందుంటాయి.

హైదరాబాద్ నుంచి కొరియర్‌లో వచ్చిన పెట్టెలో ఐస్ ప్యాక్‌లు కరిగి ఉంటే, పారేయకండి, కళ్లు మూసుకుని వాడకండి. పాత లాట్‌తో పక్కపక్కన ఒకే నమూనా స్టెయిన్ చేసి మీడియన్ పోల్చండి.

టాండెమ్ అంటే ఏమిటి? అవే ఎందుకు ఎక్కువ పాడవుతాయి?

పీఈకి గానీ ఏపీసీకి గానీ సై7 లాంటి చిన్న రంగును అతికిస్తే టాండెమ్ అవుతుంది. లేజర్ శక్తిని పీఈ పీల్చి సై7కి అందిస్తుంది, సై7 785 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. వెలుతురు, వేడి, ఎక్కువసేపు ఫిక్సేటివ్‌లో ఉండటం, చివరికి బతికున్న కణాల జీవక్రియ కూడా ఈ చిన్న రంగును దెబ్బతీస్తాయి. అప్పుడు పీఈ తను పీల్చిన శక్తిని తన సొంత రంగులోనే వదిలేస్తుంది.

ఫలితం ప్రమాదకరంగా ఉంటుంది, ఎందుకంటే సిగ్నల్ పోదు, మరోచోట పుడుతుంది. సీడీ4-పీఈ-సై7, సీడీ8-పీఈ వాడారనుకోండి. టాండెమ్ చెడితే సీడీ4 కణాలు పీఈ వైపు జరిగి, రోగి రక్తంలో సీడీ4, సీడీ8 రెండూ ఉన్న టీ కణాలు ఉన్నట్టు కనిపిస్తాయి. రిపోర్టులో రాసే ముందు ఒక పరీక్ష చేయండి: ఆ సీసాతో మాత్రమే స్టెయిన్ చేసిన ట్యూబు నడిపి, పీఈ డిటెక్టర్‌లో ఎంత వస్తోందో పాత రికార్డుతో పోల్చండి. పెరిగి ఉంటే సీసా మార్చండి. స్టెయినింగ్ అంతా లైట్లు తగ్గించి, ట్యూబులకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి చేయండి. కిటికీ పక్కన బెంచి ఉంటే అక్కడ ఈ పని పెట్టకండి.

కాంపెన్సేషన్ ప్రతిసారీ కుదరడం లేదు. ఎక్కడ తప్పుతోంది?

ఒక రంగు నుంచి పక్క డిటెక్టర్‌లోకి పొంగిన వెలుగును తీసేసే లెక్కే కాంపెన్సేషన్. తప్పు ఎక్కువగా సింగిల్ స్టెయిన్ కంట్రోళ్ల (ఒక్క రంగే వేసిన ట్యూబుల) దగ్గర. అవి అసలు నమూనా అంత వెలుగైనా ఉండాలి, లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. పాజిటివ్, నెగెటివ్ రెండింటికీ సహజ వెలుగు ఒకేలా ఉండాలి, అంటే లింఫోసైట్ పాజిటివ్‌ని మోనోసైట్ నెగెటివ్‌తో పోల్చకూడదు. రంగు అచ్చంగా అదే ఉండాలి. పీఈ-సై7కి వేరే లాట్ కంట్రోల్ పనికిరాదు, అదే సీసాలోంచి తీయాలి. ఫిట్‌సీ బదులు జీఎఫ్‌పీ పెట్టడం లాంటివి అసలే కూడదు.

కంట్రోళ్లకు క్యాప్చర్ బీడ్లు (యాంటీబాడీని పట్టుకునే సూక్ష్మమైన పూసలు) వాడటం మంచిదే. వాటికి కూడా నమూనాలకిచ్చిన ఫిక్సేషనే, అంతే సమయం ఇవ్వండి. వోల్టేజీలు మార్చాక పాత కాంపెన్సేషన్ మాట్రిక్స్ పెట్టకండి.

ఐసోటైప్ కంట్రోల్ చాలదా?

ఐసోటైప్ కంట్రోల్ అంటే ఏ గుర్తునూ పట్టని, అదే తరగతి యాంటీబాడీ. గేటు (పాజిటివ్‌ని నెగెటివ్ నుంచి వేరుచేసే గీత) ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. దానికి ఎఫ్ఎంఓ కావాలి, అంటే ప్యానెల్‌లో ఒక్క రంగు తప్ప మిగతావన్నీ ఉన్న ట్యూబు.

మోనోసైట్లన్నీ పాజిటివ్‌గా వస్తున్నాయి, ఎందుకు?

మోనోసైట్ల మీద సీడీ64 లాంటి ఎఫ్‌సీ రిసెప్టర్లు యాంటీబాడీని తోకవైపు పట్టుకుంటాయి. సై5 ఉన్న టాండెమ్‌లు వీటికి మరీ అంటుకుంటాయి. స్టెయిన్‌కి 10 నిమిషాల ముందు, ఆ రిసెప్టర్లను మూసే ఎఫ్‌సీ బ్లాక్ కలపండి. ఇంకో కారణం చనిపోయిన కణాలు, అవి దేన్నైనా పీల్చుకుంటాయి. చనిపోయిన కణాలను రంగుతో గుర్తించే 7-ఏఏడీ గానీ ఫిక్సబుల్ వయబిలిటీ డై గానీ పెట్టి వాటిని గేటు బయటకు నెట్టండి. 7-ఏఏడీ పర్‌సీపీ డిటెక్టర్‌లో పడుతుంది. ప్రొపిడియం అయొడైడ్ వెలుగు పీఈలోకి పొంగుతుంది. ఫిక్సబుల్ డై వేసేటప్పుడు బఫర్‌లో బీఎస్ఏ, ట్రిస్, అజైడ్ ఉండకూడదు, డై వాటితోనే కలిసిపోతుంది.

మిథనాల్‌తో పర్మియబిలైజ్ చేశాక (యాంటీబాడీ లోపలికి వెళ్లేలా కణపొరను తెరిచాక) పీఈ కనిపించడం లేదు.

మిథనాల్ పీఈ, ఏపీసీ, పర్‌సీపీల మడతను విప్పేస్తుంది. ఫాస్ఫో ప్రొటీన్లకు మిథనాల్ తప్పనిసరైతే, పీఈ యాంటీబాడీని మిథనాల్ తర్వాత, రెండు మూడు వాష్‌లిచ్చాక వేయండి. ఉపరితల గుర్తును మిథనాల్‌కు ముందే స్టెయిన్ చేయాల్సి వస్తే అలెక్సా ఫ్లోర్ 488 లాంటి చిన్న రంగు తీసుకోండి. సాపోనిన్ పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు.

పీఈని మా యాంటీబాడీకి మేమే అతికించుకోవచ్చా?

తప్పక. బజారులో కాంజుగేట్‌గా దొరకని యాంటీబాడీ మీ చేతిలో ఉంటే ఇదే దారి.

ముందుగా యాంటీబాడీ శుద్ధంగా ఉండాలి. బీఎస్ఏ, జెలటిన్ ఉంటే అవీ లేబుల్ అవుతాయి. పీబీఎస్‌లో మిల్లీలీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములుండేలా చూసుకోండి. ఐజీజీ 1 మిల్లీగ్రాము మిల్లీలీటరుకు ఉంటే 280 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (పీల్చిన కాంతి కొలత) సుమారు 1.4 చూపిస్తుంది.

పీఈ ఎక్కువగా అమ్మోనియం సల్ఫేట్‌లో వస్తుంది. దాన్ని పీబీఎస్‌లోకి పూర్తిగా డయాలిసిస్ చేయాలి. అమ్మోనియం మిగిలితే తర్వాతి మెట్టులో వేసే ఎస్ఎంసీసీని (పీఈని యాంటీబాడీకి కలిపే రసాయనాన్ని) తినేస్తుంది, పీఈ ఖాళీగా మిగులుతుంది. పీఈ గాఢత కొలవడానికి 565 దగ్గర వచ్చిన అబ్జార్బెన్స్ విలువను 8.2తో భాగిస్తే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. శుద్ధమైన పీఈలో 565 విలువ 280 విలువకు అయిదు రెట్ల పైన ఉండాలి.

ఎస్ఎంసీసీని డీఎంఎస్ఓలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుగా అప్పటికప్పుడు కరిగించి, ప్రతి మిల్లీగ్రాము పీఈకి 11 మైక్రోలీటర్లు కలిపి, చీకట్లో గంటసేపు ఉంచండి. విశాఖలో ఎక్కువమందికి దెబ్బతినేది ఇక్కడే. ఎస్ఎంసీసీ సీసాని ఫ్రీజర్‌లోంచి తీసి చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ లోపల పొడి మీద పడుతుంది, రసాయనం నీటితో చర్య జరిపి చచ్చిపోతుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో గంటసేపు ఉంచి, గది వేడికి వచ్చాకే మూత తీయండి.

ఈలోపు యాంటీబాడీకి 20 మిల్లీమోలార్ డీటీటీ వేసి 30 నిమిషాలు ఉంచితే మధ్యలోని డైసల్ఫైడ్ బంధాలు విడి, పీఈ అతుక్కోవడానికి కావలసిన థయోల్‌లు బయటపడతాయి. రెండింటినీ విడివిడిగా జీ-25 డీసాల్టింగ్ కాలమ్‌లో, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌లోకి దించండి. డీటీటీ కాస్త మిగిలినా, ఎస్ఎంసీసీ వల్ల పీఈ మీద ఏర్పడిన మేలిమైడ్‌ని పట్టేసుకుంటుంది. డీసాల్టింగ్ అయ్యాక వెంటనే కలపాలి, ఆలస్యమైతే థయోల్‌లు మళ్లీ మూసుకుంటాయి.

1 మిల్లీగ్రాము ఐజీజీకి 1.6 మిల్లీగ్రాముల పీఈ అంటే అణువుకు అణువు. మేం సూచించేది 3.2 మిల్లీగ్రాములు. మిగిలిపోయిన పీఈ కాలమ్‌లోనో వాష్‌లోనో పోతుంది. లేబుల్ కాని యాంటీబాడీ మిగిలితే మాత్రం అది కణం మీద చోటు ఆక్రమించి మీ సిగ్నల్‌నే తగ్గిస్తుంది. చీకట్లో గంట తర్వాత ఎన్-ఇథైల్ మేలిమైడ్ కలిపి 20 నిమిషాలు ఉంచి చర్యను ఆపి, సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌లో వేరుచేయండి. మొదట గులాబీ రంగులో దిగే భాగం కాంజుగేట్, వెనక వచ్చేది విడి పీఈ. 0.1 శాతం అజైడ్ కలిపి ఫ్రిజ్‌లో ఉంచి, టైట్రేషన్ చేశాకే వాడండి.

అజైడ్ ఉన్న వ్యర్థాలు సింకులో పోయవచ్చా?

పోయకూడదు. అజైడ్ రాగి, సీసం పైపుల్లో పేరుకుంటే పేలే స్వభావమున్న పదార్థాలు ఏర్పడతాయి. ఆమ్లంతో గానీ బ్లీచ్‌తో గానీ కలిస్తే విషవాయువులు వస్తాయి. అజైడ్ బఫర్లను వేరే డబ్బాలో పోసి రసాయన వ్యర్థాల కింద పంపండి. రక్తం అంటిన ట్యూబులు, టిప్పులు ఎర్ర సంచిలోకి వెళ్లాలి. మెషీన్ వేస్ట్ ట్యాంకులో ముందే బ్లీచ్ పోసి ఉంచే అలవాటున్న ల్యాబులు షీత్ ద్రవంలోనూ (మెషీన్‌లో నమూనా చుట్టూ ప్రవహించే ద్రవం), నమూనా బఫర్‌లోనూ అజైడ్ లేకుండా చూసుకోవాలి.